మూడోనాటి మాట

మతాల మీద పరిశోధన చేస్తున్నానని చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు కాసేపు జాలిగా చూసి, "ఏ మతం?" అని అడిగేవారు. చావు, అనేవాణ్ణి. అది మతం కాదని ఇంతవరకూ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయం, అందులో మత అధ్యయనాల విభాగం. గదులు మూడు, కుర్చీలు ఎక్కువ, విద్యార్థులు తక్కువ. అక్కడ పీహెచ్‌డీకి చేరాను. సూరత్ మరమగ్గాల్లో పనిచేసే తెలంగాణ వాళ్ల అంత్యక్రియల ఆచారాలు నా అంశం. దాన్ని ఎంచుకోవడానికి గొప్ప కారణమేమీ లేదు. మా ఇల్లు సూరత్‌లో, గోడాదరాలో. పరిశోధన కోసం ఇంటికి వస్తే తిండి ఖర్చు ఉండదు. మగ్గాల షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. మా బాపు నేను పుట్టకముందు నుంచీ ఒక ఖాతాలో మగ్గాలు నడుపుతున్నాడు. నా అంశం విని ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"డాక్టర్ అయితనంటే సంబరపడ్డ. ఇప్పుడు జూస్తే నువ్వు సచ్చినంక వచ్చే డాక్టర్‌వి అయితున్నవ్."

ఇంతకంటే మంచి నిర్వచనం మా విభాగంలో కూడా ఎవరూ ఇవ్వలేదు.

మావైపు మనిషి పోయిన మూడో రోజున పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా కాచుకుని కూర్చుంటారు. మా వాళ్లలో దీనికి ముందు ఇంకొకటి ఉంది. కాకిని పిలవకముందు, ఇంటివాళ్లు ఒక్కొక్కరే విస్తరి ముందు కూర్చుని పోయిన మనిషితో నోరు తెరిచి మాట్లాడతారు. తప్పులు ఒప్పుకుంటారు, పిల్లల్ని చూసుకుంటామంటారు, కొందరు తిడతారు కూడా. అదే ఆఖరి మాట. ఆ తర్వాత ఆ మనిషితో మాటల్లేవు, తలచుకోవడమే.

దీన్నంతా జరిపించేది జంగమయ్య. చేతిలో గంట, భుజాన శంఖం. మా పక్క పేట డిండోలిలో ఒక చాయ్ దుకాణం పైగదిలో ఉండేవాడు. ఫోన్ పెట్టుకోలేదు. "నా ఫోన్ మోగిందంటే ఎవడో ఒకడు పోయినట్టే. గది జేబుల ఏసుకోని తిరగాల్నా?" అనేవాడు. కబుర్లన్నీ కింద చాయ్‌వాలాకు వచ్చేవి.

రెండేళ్లు ఆయన వెంట తిరిగాను. రెండేళ్లు అంటే ఘనంగా ఉంటుంది గానీ, మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూసింది మూడే మూడు. ఏడుస్తున్న ఇంట్లోకి నోట్‌బుక్ పట్టుకుని వచ్చేవాణ్ణి జనం అంత ఆప్యాయంగా చూడరు. మొదటి ఇంట్లో పోయింది ముసలాయన, భార్య అంతకుముందే పోయింది. రెండో ఇంట్లో పోయింది భార్య. మూడో ఇంట్లో భర్త పోయాడు, భార్య విస్తరి ముందుకు వచ్చి కూర్చుంది. జంగమయ్య చెయ్యెత్తి, "నువ్వు మాట్లాడకు బిడ్డా, కొడుకు జెప్తడు" అని గంట అటు తిప్పాడు. ఆమె తల వంచుకుంది. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "భార్య మాట్లాడదు. ఆమె తరఫున కొడుకు చెబుతాడు." కింద రెండు గీతలు గీశాను. ఒక గీత గీస్తే గమనించినట్టు, రెండు గీస్తే కనిపెట్టినట్టు.

జంగమయ్యను ఎందుకని అడగలేదు. అంతకుముందు ఒకసారి విభూతి గురించి ఏదో అడిగితే, "కండ్లున్నయి గదా, జూడు" అన్నాడు. అప్పటినుంచి చూస్తున్నాను.

మా గైడ్ మేడమ్ ఆ వాక్యం చూసి, "ఇదేనండీ మీ థీసిస్" అన్నారు. ఆ ఒక్క వాక్యం నలభై పేజీల అధ్యాయం అయింది. దాని బలంతోనే ఒక ధర్మసంస్థ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో "ఆ స్త్రీ మౌనమే ఒక భాష" అన్నాను. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. స్కాలర్‌షిప్ వచ్చింది. నెలకు వచ్చేది బాపు పగార్‌లో సగానికి కొంచెం ఎక్కువ. ఆ సంగతి ఇంట్లో కొంచెం తక్కువ చేసి చెప్పాను.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది.

ఖాతాలు మూతపడ్డాయి. కొన్నాళ్లు ఆగి, ఇక ఆగలేక, మా వాళ్లు రైళ్లు పట్టుకుని ఊళ్లకు బయలుదేరారు. జంగమయ్య కూడా సంచీ సర్దుకున్నాడు. ఉండిపొమ్మని అడగబోతే, "సచ్చెటోళ్లే ఊరికి పోతుంటే నేనీడ ఏం జెయ్యాలెరా?" అన్నాడు. తర్కంలో లోపం కనిపించలేదు. ఆయన వెళ్లిన వారానికి చాయ్‌వాలా కూడా తన ఊరు వెళ్లిపోయాడు. ఆయన్ని చేరే దారి మూసుకుపోయింది.

స్కాలర్‌షిప్ సంస్థ నుంచి ఎంతో మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది. క్షేత్ర పరిశోధన జరగడం లేదు కాబట్టి పరిస్థితులు కుదుటపడేవరకు నిధులు ఆపుతున్నామనీ, నా ఆరోగ్యం జాగ్రత్త అనీ. జాగ్రత్తకు డబ్బు అక్కర్లేదు కదా. ఖాతాలు మళ్లీ తెరిచాక నేను ఒక చీరల గోదాములో చేరాను. చీర మడతపెట్టి, డబ్బాలో పెట్టి, పైన నటి ఫోటో సరిగ్గా కనిపించేలా మూత పెట్టాలి. ఆర్నెల్లలో ఆ విద్యలో డాక్టరేట్‌కు అర్హత సంపాదించాను.

రెండో వేవ్‌లో కింది ఇంటి కాక పోయాడు. రక్తసంబంధం లేదు. బాపు మగ్గాల పక్కనే ఆయన మగ్గాలు. నాకు నడక రాకముందు నుంచీ కాక, చిన్నమ్మ అని పిలుస్తున్నాను. దగ్గుతోనే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లాడు. వారం తర్వాత ఫోన్ వచ్చింది. శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. సూరత్ శివారు సచిన్‌లో మిల్లుకు వెళ్లే కొడుకు, చేతిసంచీలో అస్థికలు పట్టుకుని వచ్చాడు. మర్నాడు పొద్దున మా గుమ్మం ముందు నిలబడ్డాడు, మాస్కు పైన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, రేపు మూడొద్దులు. జంగమయ్య లేడు. నువ్వొచ్చి జెయ్యి."

"నేను జేసుడేందిరా? నాకు రాదు."

"రెండేండ్లు ఆయన ఎంబడి తిరిగినవ్. అంతా రాసుకున్నవ్. గా పుస్తకం జూసుకుంట చెప్పు, మేం జేస్తం."

"చూసి రాసుడు వేరు, చేసుడు వేరు తమ్మీ."

లోపలినుంచి బాపు గొంతు వినిపించింది. "ఇన్నేండ్లు సదివి గిదిగూడ రాకుంటే ఇగ ఏం సదివినట్టురా? పో, తానం జేసి పంచె గట్టుకో."

మౌఖిక పరీక్ష అంతటితో ముగిసింది.

మేడ మీద నలుగురమే. మూలన చిన్నమ్మ, కొడుకు, కోడలు, నేను. విస్తరిలో అన్నం, కోడిగుడ్లు, కాకకు ఇష్టమైన బొంబిల్ చేప. పక్కన క్వార్టర్ సీసా. గుజరాత్‌లో మందు నిషేధం, అది ఎక్కడిదని ఎవరూ అడగలేదు. గంట వాళ్ల దేవుడి గూట్లోది. శంఖం లేదు. రోగాల కాలంలో శంఖం ఊదకూడదని చెప్పాను. అప్పటికప్పుడు తోచింది అది. అందరూ బుద్ధిగా తలూపారు. ఆచారాలు ఎలా పుడతాయన్న ప్రశ్న మీద నేను చాలా చదివాను గానీ, ఇంత తేలిగ్గా పుడతాయని ఎక్కడా రాసిలేదు.

చిన్నమ్మ వచ్చి విస్తరి ముందు కూర్చుంది. మాస్కు కిందికి లాక్కుంది. "ఇగో…" అంది.

నేను చెయ్యెత్తాను, అచ్చం జంగమయ్యలాగే. "నువ్వు మాట్లాడొద్దు చిన్నమ్మా. తమ్ముడు జెప్తడు."

ఆమె తల తిప్పి నా వంక చూసింది. "మాట్లాడొద్దా?"

"పద్ధతి గట్లనే."

మాస్కు పైకి లాక్కుని, కొంగు సర్దుకుని పక్కకు జరిగింది. కొడుకు మూడు ముక్కలు చెప్పాడు, నాలుగోది రాలేదు. కాకి వెంటనే వచ్చింది. ఆ రోజుల్లో గోడాదరా కాకులకు తీరిక తక్కువ. అయినా వచ్చింది.

నేను జరిపించానన్న మాట పాకిపోయింది. నెలన్నరలో, కాక ఇంటితో కలిపి, పదకొండు ఇళ్లలో జరిపించాను. గోడాదరాలో, డిండోలిలో, ఒకటి సచిన్‌లో మిల్లు వెనక గదుల దగ్గర. జనం నన్ను సార్ అనడం మొదలుపెట్టారు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. తీసుకుంటే పూజారిని అవుతాను, తీసుకోకపోతే పరిశోధకుణ్ణి అని అప్పట్లో నా వాదన. పదకొండిట్లో ఏడు ఇళ్లలో పోయినవాడికి భార్య ఉంది. ఏడు ఇళ్లలోనూ చెయ్యెత్తాను. ఏడుగురూ మాట్లాడలేదు. డిండోలిలో ఒకామె మాత్రం, "ఒక్క మాట సార్, ఒక్కటే" అంది. పద్ధతి ఒప్పుకోదన్నాను. ఇంటికొచ్చి అన్నీ తేదీలవారీగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

తర్వాత ఒకరోజు గైడ్ మేడమ్‌తో వీడియోలో మాట్లాడాను.

"ఏడు కేసులా? ఒక్కటి కూడా మినహాయింపు లేకుండానా?"

"లేదండి."

"క్షేత్రం సాధారణంగా ఇంత సహకరించదే!" అన్నారు మేడమ్ సంతోషంగా.

జరిపించింది ఎవరని ఆవిడ అడగలేదు. నివేదికలో "స్థానికంగా అందుబాటులో ఉన్న ఒక వ్యక్తి ఆధ్వర్యంలో" అని రాశాను. అబద్ధం కాదు, నేను స్థానికంగానే ఉన్నాను, అందుబాటులోనే ఉన్నాను. స్కాలర్‌షిప్ మళ్లీ మొదలైంది, ఆగిన నెలలది కూడా కలిపి. గోదాము మానేశాను. "మావోడు పగార్ల పడ్డడు" అని బాపు ఖాతాలో చెప్పుకున్నాడట.

మరుసటి ఏడాది వానాకాలంలో జంగమయ్య తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు. ఊళ్లో ఆయన భార్య పోయిందని, తనూ అప్పటికే తిరిగొచ్చిన చాయ్‌వాలా చెప్పాడు. ఆయన వచ్చిన నెలలోనే డిండోలిలో ఒక పెద్దాయన పోయాడు. మళ్లీ చూడ్డానికి మాత్రమే వెళ్తున్నానన్న నిశ్చింతతో నోట్‌బుక్ తీసుకుని వెళ్లి గోడవారగా నిలబడ్డాను.

జంగమయ్య గంట మోగించి, "ముందుగాల నువ్వు రా బిడ్డా, మాట్లాడు" అని పోయినాయన భార్యను పిలిచాడు.

ఆమె కదల్లేదు. ఆమె మరిది ముందుకొచ్చాడు. "అయ్యా, ఆడామె మాట్లాడొద్దు గదా. పద్ధతి గాదు."

"ఎవడు జెప్పిండు?"

"సార్ జెప్పిండు. అందరి ఇండ్లల్ల గట్లనే అయింది. పుస్తకంల ఉన్నదట."

అందరూ నావైపు తిరిగారు. నోట్‌బుక్‌ను వీపు వెనక దాచుకున్నాను. దాచుకోవడం అందరూ చూశారు.

జంగమయ్య అక్కడ నన్ను ఏమీ అనలేదు. ఆమెను బతిమాలి కూర్చోబెట్టి మాట్లాడించాడు. పని అయ్యాక తన గది కింద చాయ్ దుకాణం ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు.

"ఎవలింట్ల జూసినవ్‌రా ఇది?"

పేజీ తీసి చదివి వినిపించాను. ఇంటి గుర్తులు వినగానే ఆయనకు తెలిసిపోయింది.

"ఆ ఇల్లా? ఆమెకు ఆ దినం గొంతు యాడున్నది? మూడొద్దులు ఏడ్చి ఏడ్చి గొంతు పూడిపోయింది. నీళ్లు మింగుతెనే పానం పోతుండె. అందుకే వద్దన్న. నెల దినాలకు గొంతు వచ్చినంక మళ్ల ఇస్తారి ఏసి మాట్లాడిచ్చిన."

"నన్ను పిలవలేదు గదా అయ్యా."

"కబురు పెట్టిన. హైదరాబాద్ పోయినవన్నరు."

నిజమే. ఆ నెలలో నేను హైదరాబాద్‌లో ఒక సదస్సులో ఆమె మౌనం మీద పత్రం చదువుతున్నాను. చప్పట్లు కూడా కొట్టారు.

"మరి నన్ను ఎందుకని అడగకపోతివి?" అన్నాడు జంగమయ్య.

"కండ్లున్నయి గదా, జూడుమన్నరు."

"అంటే నోరు లేదారా నీకు?" అని, "ఎందరికి జేసినవ్?" అన్నాడు.

"పదకొండు ఇండ్లు. అండ్ల ఏడుగురు ఆడోళ్లు."

ఆయన సాసర్‌లోని చాయ్ తాగకుండా కింద పెట్టాడు. "మొదటి మాటే పెండ్లాందిరా. మొగడిది, పెండ్లాంది. వాళ్లది అయినంకనే కొడుకులది. మా ఇంటామె పోయిననాడు ఇస్తారి ముంగట ఒక్కన్నే కూసోని పొద్దెక్కేదాక మాట్లాడిన. గది లేకుంటే నేను మల్ల ఇంట్లకెల్లి లేచెటోన్ని గాదు."

"ఇప్పుడు వాళ్లకు మళ్ల ఇస్తారి ఎయ్యొచ్చా?"

"ఏడాది నిండకముందైతే ఎయ్యొచ్చుండె."

ఏడాది నిండి అప్పటికి రెండు నెలలు దాటింది. చాయ్ డబ్బులు నేను ఇవ్వబోతే జంగమయ్య వద్దనలేదు.

మేడమ్‌కు అంతా చెప్పాను, శంఖం సంగతితో సహా. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పాతికేళ్లుగా విద్యార్థుల్ని ఎలాగోలా ఒడ్డెక్కిస్తున్న మనిషి.

"కంగారు పడకండి. దీనికో దారి ఉంది. విపత్తు కాలంలో ఆచారం ఎలా మారిందన్నది కూడా పరిశోధనే. 'సూరత్ పద్ధతి' అని పేరు పెట్టండి. ఏడు ఇళ్లవాళ్లు పాటించారు. ఎనిమిదో ఇంట్లో పంతులుకే అభ్యంతరం చెప్పారు. అంటే ఆచారంగా స్థిరపడిందనే కదా!"

"అది నా వల్ల మొదలైంది మేడమ్."

"ప్రతి ఆచారమూ ఎవరో ఒకరి వల్లే మొదలవుతుందండీ. ఎవరన్నది థీసిస్‌లో రాయరు, అంతే. నాలుగు నెలల్లో సమర్పించండి. స్కాలర్‌షిప్ ఆఖరి విడత వస్తుంది, డిగ్రీ వస్తుంది. ఆ అధ్యాయం తీసేస్తే మీ దగ్గర మిగిలేది ఏమిటో మీరే చూసుకోండి."

చూసుకున్నాను. విభూతి మీద ముప్పై పేజీలు, కాకి మీద ఇరవై. అవి కూడా కళ్లతో చూసి రాసినవే.

ఆవిడ చెప్పింది శాస్త్రం ప్రకారం తప్పు కాదు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది అదే. వారం రోజులు ఆ దారిలోనే రాశాను, బాగానే వచ్చింది కూడా. ఆదివారం పొద్దున పేజీలు పక్కనపెట్టి కిందికి దిగాను.

చిన్నమ్మ గడప దగ్గర కూర్చుని దుపట్టాల దారాలు కత్తిరిస్తోంది. మార్కెట్ నుంచి మూటలు తెచ్చి ఇచ్చిపోతారు, ఒక్కోదానికి ఇంత అని. నేను ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను.

"చిన్నమ్మా, ఆ దినం నువ్వు మాట్లాడొచ్చుండె. నేనే తప్పు జెప్పిన."

"ఏ దినం?"

"కాక మూడొద్దుల నాడు."

కత్తెర ఆగలేదు. "పుస్తకంల తప్పున్నదా?"

"నేనే తప్పు రాసుకున్న."

దారం కొరికి ఉమ్మేసింది. "నాకు ఆ దినం మస్తు కోపముండె. ఆటో ఎక్కంగ నేను వస్తనంటే, 'నువ్వేం జేస్తవ్ వచ్చి, రెండు దినాలల్ల నేనే వస్త' అని తలుపేసుకున్నడు. గా మాట మీద నాలుగు తిట్టాలనుకోని కూసున్న. నువ్వు వద్దన్నవ్. పోనీ, తిట్టుకుంట తోలియ్యద్దని పెట్టిన్రు కావచ్చు, మంచిదే పద్ధతి అనుకున్న."

నేను మెట్టు మీద పడ్డ దారపు ముక్కలు ఏరాను.

"గా తిట్లు గట్లనే ఉన్నయిరా. దినాం నోటిదాక వస్తయి. పొయ్యికాడ, నల్లకాడ. ఇప్పుడు తిడితే ఆయనకు ఇనవడ్తదా?"

ఈ ప్రశ్న మీద పుస్తకాలున్నాయి. చాలావరకు నేను చదివాను. "నాకు తెల్వదు చిన్నమ్మా."

"జంగమయ్యను అడుగు మరి."

"అడిగిన. ఏడాది దాటినంక ఆయనకూ తెల్వదట."

ఆమె కత్తెర ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "మరి మీరిద్దరు కలిసి ఏం జేస్తున్నట్టురా?" అని, ఇంకో దుపట్టా మూటలోంచి లాగింది.

పైకి వచ్చి ఒక వాక్యం రాశాను: "పై ఏడు సందర్భాల్లోనూ భార్య మౌనంగా ఉండడానికి కారణం పరిశోధకుడు." ఒక్క గీత కూడా గియ్యలేదు. సంస్థకు నివేదికగా అదే పంపాను, మేడమ్‌కు ఒక ప్రతి పెట్టాను. మేడమ్ "సరే" అని రాశారు. సంస్థ నుంచి నెల తర్వాత జవాబు వచ్చింది. నా నిజాయితీని ఎంతగానో మెచ్చుకున్నారు, అదే వాక్యంలో కామా తర్వాత స్కాలర్‌షిప్ రద్దు చేశారు. బాపుకు చెబితే, "గోదాముల జాగ ఇంక ఉన్నదా?" అని అడిగాడు. ఉంది. పీహెచ్‌డీ గడువు రెండేళ్లు పొడిగించారు, ఫీజు మాత్రం నాదే. అందుకే పగలంతా చీరలు, ఆదివారాలు థీసిస్.

కొన్ని ఆదివారాలు మిగతా ఆరుగురి కోసం తిరిగాను. గోడాదరాలో ఒకామె సగంలోనే తలుపేసింది. ఇంకొకామె, "నువ్వు వద్దంటే నోరు మూసుకున్న గని లోపట అంతా జెప్పిన, ఫికర్ జెయ్యకు బిడ్డా" అంది. ఆ రాత్రి అన్నం బాగా తిన్నాను. సచిన్ ఆమె ఊరికి వెళ్లిపోయి కూతురి దగ్గర ఉంది. ఫోన్‌లో విషయం చెబితే, ఎవరు మీరని రెండుసార్లు అడిగి పెట్టేసింది. ఇంకొకామె నేను చెప్పిందంతా విని, పోయినాయన మంచివాడు కాదనీ, ఆయనతో మాట్లాడే పని తప్పించినందుకు నాకు పుణ్యం ఉంటుందనీ అంది.

డిండోలిలో "ఒక్క మాట సార్" అన్నామె గది ఖాళీగా ఉంది. కొత్తగా వచ్చిన ఒడియా వాళ్లకు ఆమె సంగతి తెలియదు. మూడుసార్లు వెళ్లాను. ఇంకొకామె జాడ కూడా దొరకలేదు. ఆ నలభై పేజీల అధ్యాయం ఇప్పుడు తొమ్మిది పేజీలు. అందులో ఈ ఇద్దరి దగ్గర ఏం రాయాలో తోచక చాలాకాలం ఖాళీ వదిలాను. చివరికి "సమాచారం లేదు" అని రాశాను. ఈసారి రాసింది మాత్రం నిజం.